పడవ పాట, నీలం పాట

1975 జనవరి 6, బోధన్

బాపురావు గారు పొద్దున్నే ఇంటికి వచ్చారు. మాఘమాసంలో జరిగే సప్తాహానికి ఆయనే కమిటీ పెద్ద. ఏడు రోజుల అఖండ నామంలో ఆఖరి పహరా, అంటే ఆఖరి వంతు, ఈసారి మా ఆడవాళ్ల భజన మండలికి ఇచ్చారట. ఏకాదశి మధ్యాహ్నం అందుకొని దీపాలు పెట్టే వేళకు ముగించాలి. ఊరు ఊరంతా పందిట్లో ఉండేది ఆ పూటే. ఇన్నేళ్లూ అది వర్ని నుంచి వచ్చే మగవాళ్లది. మాకు ఎప్పుడూ అన్నాల వేళ, పందిట్లో ఎవరూ లేనప్పుడు, కాసేపు పడేసేవారు.

లేస్తూ ఒక మాట చెప్పి పోయారు.

"నీ గొంతును సూసి ఇస్తున్న బాయి. రేపు నీ గొంతు లేదంటె పహరా మల్ల వర్నోళ్లదే. గది ముందుగాలనే చెప్తున్న."

తల వంచుకొని సరే అన్నాను. తల మాత్రమే వంచుకున్నాను.

జనవరి 9

మా అబ్బాయి రాజేశ్వర్ బొంబాయి నుంచి వచ్చాడు. ఇక్కడి ఫ్యాక్టరీ లేబరేటరీలో చక్కెర పరీక్షించే ఉద్యోగం వాడిది. ఏదో మిషను చూసి రమ్మని పంపారు. ఆ మిషను సంగతి ఒక్క ముక్క చెప్పలేదు గాని, రికార్డు ప్లేయరు ఒకటి, ఇంగ్లీషు రికార్డులు రెండు మోసుకొచ్చాడు. స్నేహితుడు ఇచ్చాడట. ఒకదాని అట్ట మీద పడవ బొమ్మ ఉంది. రెండో దాని మీద ఏమీ లేదు, ఉత్త నీలం రంగు. పేర్లు చెప్పాడు, నా నోట నిలవలేదు. రెండింటిలోనూ ఒక పక్క మొత్తం ఒకే పాటట. కొడుకు పెళ్లిలో కూడా అంత పొడుగు పాట ఎవరూ పాడరు.

తలుపు వేసుకొని పెట్టుకోమన్నాను.

జనవరి 13

గొంతులో కొంచెం గరగర. చెరుకు బండ్లు రోడ్డు పొడుగునా నిలబడి ఉన్నాయి. ఆ దుమ్ము. మిరియాల పాలు తాగాను.

జనవరి 17

శుక్రవారం భజన. నామం పైకి ఎత్తే చోట దగ్గు వచ్చింది. ఈలోపల ప్రమీలమ్మ అందుకొంది. ఆమె ఫ్యాక్టరీ ఫిట్టరు భార్య, మా వెనక గల్లీలో ఉంటారు. మండలిలో చేరి నాలుగేళ్లయింది. నా వెనక కూర్చుంటుంది, నేనే నేర్పాను. గొంతు మంచిదే. ఇంకా పచ్చి.

మృదంగం వాయించే లింబయ్యన్న నా వైపు చూశాడు. దగ్గు ఎవరికైనా వస్తుంది.

జనవరి 18

దుమ్మే.

జనవరి 20

మళ్లీ అదే చోట. ఈసారి దగ్గు లేదు. గొంతు పైకి పోలేదు, అంతే. ఇంట్లో ఒక్కదాన్నే పాడుకుంటున్నాను కనుక ఎవరూ వినలేదు.

జనవరి 21

ఈ రోజు నుంచి సప్తాహం దాకా మౌనవ్రతం పట్టాను. స్వామికి మొక్కుకున్నాను. చాలా కాలంగా మనసులో ఉన్నదే. గొంతు కోసమని ఎవరైనా అనుకుంటే అనుకోనీ, వ్రతం వ్రతమే. రాజేశ్వర్ చిన్నప్పటి పలక అటక మీద నుంచి దింపాను. కావలసింది రాసి చూపిస్తాను.

జనవరి 23, ఏకాదశి

వ్రతం సంగతి ఊరంతా తెలిసింది. గుడికి పోతే ఆడవాళ్లు కాళ్లకు మొక్కుతున్నారు. వద్దని చెప్పడానికి మాట లేదు.

జనవరి 26

రాజేశ్వర్‌కు ఈ వారం రాత్రి డ్యూటీ. పగలంతా ఇంట్లోనే. లేచింది మొదలు ఆ రెండు పాటలే. ఆపమని చెప్పాలంటే పలక వాడి కళ్ల ముందు పట్టాలి. వాడేమో కళ్లు మూసుకొని వింటాడు.

అందుకని వినవలసి వచ్చింది. విన్నది రాసి పెడుతున్నాను.

పడవ పాట ఒకే మనిషిది. మొదట సన్నగా ఎత్తుకుంటాడు. వెనక వాయిద్యాలు ఒక్కొక్కటే చేరతాయి. హార్మోనియానికి పెద్దన్నలాంటిది ఒకటి, డోళ్లు, ఇంకా నాకు తెలియనివి. అవి పెరిగిన కొద్దీ అతనూ పెరుగుతాడు. చివరకు అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి, అతని గొంతు ఒక్కటే పైన నిలబడుతుంది. భాష తెలియకపోయినా ఒళ్లు జలదరించింది. అట్లా నిలబడే గొంతు విలువ నాకు తెలుసు. పోయిన కార్తీకంలో నేను అట్లా నిలబడితే లింబయ్యన్న మృదంగం మీద నుంచి చెయ్యి ఎత్తి అట్లాగే ఉంచేశాడు.

నీలం పాటకు యజమాని లేడు. ఒకడు నాలుగు మాటలు పాడి పోతాడు. పిల్లనగ్రోవి వస్తుంది, అదీ పోతుంది. తర్వాత ఇంకెవడో పాడతాడు. మొదట పాడినవాడు మళ్లీ రాడు. వస్తాడేమోనని చివరిదాకా కూర్చున్నాను. ఇదేం పాట.

జనవరి 28

అన్నం తింటూ రాజేశ్వరే మాట తీశాడు. ఈ రెండు పాటలూ బొంబాయిలో అందరికీ మొహం మొత్తాయట. ఏ హాస్టలుకు పోయినా, ఏ రికార్డుల దుకాణం ముందు నిలబడినా ఇవే వినిపిస్తాయట. అందుకే స్నేహితుడు వదిలించుకున్నాడట.

"తిప్పి తిప్పి అరగదీసిన్రవ్వా. గిప్పుడు గివి వింటున్ననంటె నవ్వుతరు."

మరి నువ్వెందుకు వింటున్నావని రాశాను. తన దగ్గర ఇవే ఉన్నాయన్నాడు.

మేము 'హరి విఠల' అని రెండే మాటలు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు పాడతాం. మొహం మొత్తిందని ఎవరూ లేచిపోగా చూడలేదు, ఏటేటా జనం పెరుగుతున్నారు. ఇదంతా పలక మీద పట్టలేదు. కుదించి, "అరిగింది చెవి, పాట కాదు" అని రాశాను. వాడు నవ్వి ఎడమ చేత్తో తుడిచేశాడు. మంచి మాట. కొంచెం సేపు ఉంచవలసింది.

జనవరి 30

బస్సులో నిజామాబాద్ పోయి వచ్చాము. డాక్టరు గొంతులోకి చిన్న అద్దం పెట్టి చూశాడు. మాట్లాడవద్దన్నాడు. నేను ఎలాగూ మాట్లాడటం లేదు. మిగతాది రాజేశ్వర్‌ను పక్కకు పిలిచి చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు వాడు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఫిబ్రవరి 1

లింబయ్యన్న మధ్యాహ్నం కోపంగా వచ్చాడు. నిన్నటి భజనకు నేను పోలేదు, ప్రయాణం అలసట. ఆయన మృదంగానికి పిండి అద్దుకొని సిద్ధంగా కూర్చున్నాడట. మండలి ఆడవాళ్లంతా వచ్చారట, వరసగా కూర్చున్నారట. ఒక్కరూ నోరు తెరవలేదట.

"ఏందమ్మా అంటె ఒక్కొక్కలు నోటి మీద వేలు పెట్టి సూపెడ్తున్రు. ఫిట్టరు పెండ్లాం పలక దెచ్చింది. రాధక్క పట్టింది, మేం గూడ పట్టినం, సప్తాహం దాక, అని రాసింది."

నాకు తెలియదు. ఆఖరి పహరా పాడేవాళ్లకు ఇది నియమం కాబోలని వాళ్లు అనుకున్నారట. నేను చెప్పలేదు కనుక అడగడం అపచారమనుకొని, వాళ్లకై వాళ్లే మొదలుపెట్టారు.

"పాడెటోళ్లంత మూగనోము పడితె నేను ఎవలకు వాయించాలె చెల్లె? గోడకా?"

నాకు నవ్వు వచ్చింది. ఆయనకు రాలేదు. పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు.

"ఏకాదశి నాడు నామం తెగిందనుకో, మల్ల మనకు పహరా ఉండది. నీ ఒక్కదానికి గాదు. ఆడోళ్లకే."

ఎంత తెలుసుకొని అన్నాడో నాకు తెలియదు.

ఫిబ్రవరి 2

స్వామికి కొబ్బరికాయ కొట్టి వ్రతం విడిచాను. ప్రమీలను పిలిపించి, అందరినీ విడవమని చెప్పమన్నాను. అంతటితో పంపించవలసింది. ఇన్ని రోజులు ఊరుకున్న గొంతు ఎట్లా ఉందో చూడాలని ఆత్రం. ఆమె ముందే నామం ఎత్తాను. కింద బాగుంది, మునుపటి కంటే నిండుగా ఉంది. పైకి పోయే చోట తెగింది. మళ్లీ ఎత్తాను. అక్కడే తెగింది.

ప్రమీల కళ్లు దించుకుంది.

"అక్క, గిది దుమ్ముతోని గాదు."

దుమ్మే అన్నాను. "అక్కా" అంది మళ్లీ, మెల్లగా. లేచి పోయి టీ పెట్టి తెచ్చాను. తాగి, కప్పు కడిగి పెట్టి పోయింది.

ఫిబ్రవరి 3

రాయడానికి ఏమీ లేదు.

ఫిబ్రవరి 4

డాక్టరు ఏం చెప్పాడో రాజేశ్వర్‌ను అడిగాను. గొంతులో తీగలు మొద్దుబారాయట. మాటకు ఢోకా లేదట. కింది స్వరం ఉంటుందట. పై స్వరం మళ్లీ రాదట. ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదంటే, నేను ఎందుకు అడగలేదని అన్నాడు.

బాపురావుకు చెప్తావా అని అడిగాడు. చెబితే పహరా పోతుంది. చెప్పకపోతే ఏకాదశి నాడు మైకులో, ఊరందరి ముందు, నామం తెగుతుంది.

నామం ఎత్తేవాళ్ల మెడలో పట్టీతో వేలాడే చిన్న వీణ ఉంటుంది, తంబూరలాంటిది. ఏడు రోజులూ ఆ వీణ నేల తాకకూడదు, ఒక మెడ నుంచి ఇంకో మెడకే పోవాలి. పహరా మారినప్పుడు వీణ మారుతుంది. పహరా నడుమ మారగా నేను చూడలేదు. ఎవరైనా మారిస్తే గొంతు చాలలేదంటారు. నా గురించి అట్లా అనిపించుకోను.

ఫిబ్రవరి 6

రాజేశ్వర్ డ్యూటీకి పోయాడు. రికార్డు ప్లేయరు మీద దుమ్ము ఉంటే తుడుద్దామని మూత తీశాను. ఎలాగూ తీశాను కదా అని నీలం రికార్డు పెట్టాను. ముల్లు ఎట్లా ఆనించాలో వాడు ఆనించేటప్పుడు చూసే ఉన్నాను.

ఈసారి పాటను వదిలేసి అతుకు కోసం విన్నాను. మొదటివాడు ఎక్కడ ఆపాడు? ముల్లు వెనక్కి పెట్టి మళ్లీ విన్నాను. అతను ఇంకా పాడుతుండగానే పిల్లనగ్రోవి అదే స్వరం పట్టుకొని అతని గొంతు కింద దాగి ఉంది. అతను కొంచెం కొంచెం తగ్గుతాడు. అది కొంచెం కొంచెం పెరుగుతుంది. అతను పోయాడని మనకు తెలిసే వేళకు ఎప్పుడో పోయి ఉంటాడు. మన పహరాలలో అట్లా జరగదు. దిగేవాళ్లు గట్టిగా ముగిస్తారు, ఎక్కేవాళ్లు గట్టిగా ఎత్తుతారు, మధ్యలో ఉన్న వెంట్రుకంత సందును మృదంగం కప్పుతుంది. తెగలేదని అందరం అనుకుంటాం.

యజమాని లేడని ఆ రోజు రాశాను. సరిగ్గా వినకుండా రాశాను.

పడవ పాట కూడా పెట్టాను. గొప్పదే. కాని అతని గొంతుకు ఏమైనా అయితే ఆ పాట ఇక లేదు.

ఫిబ్రవరి 8

ప్రమీలను నీలం రికార్డు ముందు కూర్చోబెట్టాను. ఇంగ్లీషు పాటంటే ఆమెకు బెదురు. కొంగు నెత్తి మీదికి లాక్కొని, పురాణం వినే దానిలాగా కూర్చుంది. మొదటి గొంతు ఆగిన చోట చెయ్యి ఎత్తమన్నాను. ఎత్తింది, తప్పు. మళ్లీ పెట్టాను. మళ్లీ తప్పు. ఇంకోసారి పెడితే చెయ్యి ఎత్తకుండా నా వైపు చూసింది.

"ఆగుతలేడక్క. కరిగిపోతున్నడు."

"నేను గట్ల పోత. నువ్వు గట్ల రావాలె" అన్నాను.

అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక భయపడింది. పైకి ఎత్తే భాగం వరకే నువ్వు, దిగగానే వీణ తిరిగి నా మెడలో వెయ్యి, ముగింపు నేను పాడతాను అని చెప్పాను. ముగింపు కింది స్వరంలోనే ఉంటుంది. అది నాకు వస్తుంది. అది నాదే.

"వీణ మారుడు జనం సూస్తరు గదక్క?"

"సూడనీ. చెవులకు తెల్వద్దు."

ఫిబ్రవరి 11

లింబయ్యన్నకు చెప్పక తప్పలేదు. అంతా విని, ఎన్నాళ్ల సంది చెల్లె అని మాత్రం అడిగాడు. మృదంగం ఒళ్లోకి తీసుకున్నాడు.

మా ఇంట్లోనే సాధన. కుదరడం లేదు. ప్రమీల తలుపు తోసుకొని వచ్చినట్టు వస్తోందని నేను కోప్పడ్డాను. కోపం అంటే నా కోపం, గొంతు పెంచలేదు. ఆమె మళ్లీ మళ్లీ చేసింది. చివరకు లింబయ్యన్న వాయించడం ఆపి నా వైపు తిరిగాడు.

"ఆ పిల్ల మంచిగనె వస్తున్నది చెల్లె. నువ్వే పోతలేవు."

ఈ రోజుకు ఇది చాలు.

ఫిబ్రవరి 13

ఇవాళ ఒక్కసారి కుదిరింది. కొద్దిసేపు ఏది నా గొంతో నాకే తెలియలేదు.

సాధన మధ్యలో రాజేశ్వర్ వచ్చాడు. రికార్డు ప్లేయరు చుట్టూ మృదంగం, తాళాలు, మేము ముగ్గురం. గుమ్మంలోనే నిలబడి నవ్వాడు. వాళ్లు పోయాక, రెండింటిలో ఏది గొప్పదో ఇప్పుడు చెప్పు అన్నాడు. నీలం పాట అన్నాను. వాడు ఒప్పుకోలేదు.

"పడవ పాటనే అవ్వా. గొంతంటె గది. నీ లెక్క."

ఆ మాటకు నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఎదురు చెప్పడం కష్టమైంది. పడవ పాట విన్నవాళ్లు పాడినవాడిని తలచుకుంటారు, నీలం పాట విన్నవాళ్లు పాటనే తలచుకుంటారు అన్నాను. మొదట పాడినవాడు ఎటు పోయాడో కూడా తెలియనిది ఏం పాట అని వాడి వాదన. అచ్చంగా నా మాటే. ఎటూ పోయి ఉండడు, అక్కడే నిలబడి వింటూ ఉంటాడన్నాను.

ఫిబ్రవరి 15

సప్తాహం మొదలైంది. పందిరి, మైకు, వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. నామం మా వంటింట్లోకి కూడా వినిపిస్తోంది. పహరా మారిన ప్రతిసారీ చేతిలో పని ఆపి వింటున్నాను. ప్రతి అతుకూ తెలుస్తోంది.

ఫిబ్రవరి 18

బాపురావు గారు పందిట్లో నన్ను పక్కకు పిలిచారు. నా గొంతు పోయిందని ఎవరో చెప్పారట. కష్టమైతే వర్నివాళ్లు సిద్ధంగా ఉన్నారన్నారు. మర్యాదగానే అన్నారు.

"ఒక్కసారి పైకెత్తి ఇనిపియ్యి బాయి. నాకు ధైర్యమైతది."

నేను పెద్దవాళ్లకు ఎదురు చెప్పే మనిషిని కాను. అప్పుడు కూడా మెల్లగానే అన్నాను.

"స్వామి ముందట ఎత్తేది మీ ముందట ఎత్తను. ఏకాదశి నాడు నామం తెగితె, ఆడోళ్లం మల్ల పహరా అడగం."

ఆయన సరే అని తువ్వాల దులుపుకొని పోయారు. అందరి తరఫునా పందెం కట్టాను, ఒక్కరినీ అడగకుండా. ప్రమీలకు చెబితే "మంచిగ చెప్పినవ్" అంది.

ఫిబ్రవరి 20

తినబుద్ధి కాలేదు. రేపు ఎలాగూ ఉపవాసం.

ఫిబ్రవరి 21, భీష్మ ఏకాదశి

ఇప్పుడే వచ్చి దేవుడి దగ్గర దీపం పెట్టాను. ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

వర్నివాళ్ల దగ్గర నుంచి మేము అందుకోవాలి. వాళ్ల పెద్ద ఇంకా పాడుతుండగానే అతని గొంతు కింద నా గొంతు పెట్టాను. అతనికి అలవాటు లేదు, ఒక్క క్షణం తడబడ్డాడు గాని తెగనివ్వలేదు. నా మొహం చూసి తనంతట తనే తగ్గాడు. వీణ నా మెడలో పడే వేళకు నామం నాదయింది.

ఎండ దిగేదాకా కింది స్వరంలోనే నడిపాను. అంత నిండుగా నేను ఎప్పుడూ పాడలేదు. గొప్పకు రాయడం లేదు, లింబయ్యన్న కూడా అన్నాడు. పందిరి నిండిపోయింది. లోపల చోటు చాలక కొందరు బండ్ల మీద ఎక్కి నిలబడ్డారట.

పొద్దు వాలాక లింబయ్యన్న తాళం పెంచాడు. ఇక పైకి పోవాలి. ప్రమీల నా పక్కకు వచ్చింది. ఆమె గొంతు నా గొంతు కింద ఎప్పుడు చేరిందో నాకు తెలియలేదు. ఇప్పుడు తగ్గాలి. సాధనలో ప్రతిసారీ నేను మొండికేసింది ఇక్కడే. ఇంకొక్కసారి ఎత్తి చూడు, స్వామి ఇవ్వకపోతాడా అని లోపల ఒకటే పోరు. ఎత్తలేదు. వీణ పట్టీ నా మెడ నుంచి తీసి ఆమె మెడలో వేశాను. నా చేతులు ఇంకా ఆమె భుజాల మీద ఉండగానే ఆమె పైకి పోయింది. నా పెదవులు కదులుతూనే ఉన్నాయి, గొంతు ఎప్పుడో ఆగింది. ముందు వరసలో కళ్లు మూసుకున్నవాళ్లు కళ్లు తెరవలేదు.

పై స్వరం మీద ప్రమీల నిలబడింది. నా కంటే సన్నగా, కొంచెం భయంగా, కాని కదలకుండా. ఆ నిలబడటం నేను నేర్పింది.

దిగింది. అనుకున్న ప్రకారం వీణ నాకు ఇవ్వడానికి పట్టీ మీద చెయ్యి వేసింది. నేను తల అడ్డంగా ఊపాను. పాడుతూనే కళ్లతో అడిగింది. మళ్లీ ఊపాను. ముందుగా అనుకున్నది కాదు. ఆమె గొంతులో నామం చల్లగా నడుస్తోంది. దాన్ని ఆపి నేను తీసుకుంటే అది నా కోసం తీసుకోవడమే అవుతుంది. చప్పట్లు కొడుతూ ఆడవాళ్ల వరసలోకి పోయాను. ముగింపు ప్రమీలే పాడింది. హారతి దాకా నామం తెగలేదు.

బాపురావు గారు అంతసేపూ పందిరి వెనక, రేపటి అన్నదానం బియ్యం దగ్గర ఉన్నారట. మైకులోనే విన్నారు. హారతికి గబగబా వచ్చారు.

"నీ గొంతు పోయిందన్నోని నోట్ల మన్నువడ. పైకెత్తినవ్ సూడు బాయి, బియ్యం కొలిచేటోళ్లు సుత కొలుసుడు ఆపిన్రు."

ఒక్క క్షణం ఆ మాట అట్లాగే ఉండనిచ్చాను. ఆ తర్వాత, ఎత్తింది ప్రమీల అని చెప్పాను. అప్పుడు ఆయన ఆమె మెడలో వీణ చూశారు. నా వైపు చూశారు.

"మొదలు పాడింది నువ్వే గద? నేనే ఇన్న."

"మొదలు నేనే."

"మరి ఏడ మార్చిన్రు?"

"మీరు ఇన్నరు గద. మీరే చెప్పున్రి."

చెప్పలేకపోయారు. లింబయ్యన్న వైపు తిరిగారు. "నా చెయ్యి ఆగలే, నాకేమెరుక" అని ఆయన మృదంగం గుడ్డలో చుట్టుకోవడంలో పడ్డాడు. వర్ని పెద్ద పక్కనే ఉన్నాడు, ఆయనా చెప్పలేకపోయాడు. ప్రమీల నేల చూస్తూ నిలబడింది. నవ్వు ఆపుకుంటోందని నాకు తెలుసు.

బాపురావు గారు మొహం తుడుచుకున్నారు. ఈసారి పహరా నా పేరు మీద ఇచ్చారు కదా, వచ్చే ఏడు ఎవరి పేరు మీద ఇయ్యాలి అని అడిగారు. వచ్చే ఏడు కూడా మాదే అన్నమాట. మండలి పేరు మీద ఇవ్వమన్నాను. ఒక్కరి గొంతు మీద కాదు.

సరే అన్నారు. అందరూ విన్నారు.

ఇంత గర్వం మంచిది కాదు. తెలుసు. రేపు పారణ అయ్యాక వదిలేస్తాను.